గాలాపగోస్‌లో లాంచీ మీద దీవి దీవికీ తిరగడం ఎలా

ఈక్వడార్ తీరానికి పడమట సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, నడి పసిఫిక్‌లో గాలాపగోస్ దీవులు ఉంటాయి. అన్నీ సముద్రం అడుగు నుంచి లావా పోగుపడి లేచినవే. ఏ దీవీ ఎప్పుడూ ఖండంతో కలిసి లేదు. ఈదుకుంటూనో, ఎగిరో, కొట్టుకొచ్చిన దుంగ పట్టుకునో చేరిన జీవులే అక్కడ నిలిచాయి. తరాలు గడిచేకొద్దీ ఒక్కో దీవిలో ఒక్కో తీరుగా మారాయి. 1835లో డార్విన్ వచ్చినప్పుడు, తాబేలును చూసి అది ఏ దీవిదో చెప్పగలనని అక్కడి ఉప గవర్నరు లాసన్ ఆయనతో అన్నాడు.

అందుకే ఒక్క దీవి చూసి వచ్చేస్తే గాలాపగోస్ చూసినట్టు కాదు. అలాగని రోజుకో దీవి పెట్టుకుంటే సగం సెలవు పడవల్లోనే పోతుంది. మూడు ఊళ్లు, మూడు లాంచీ ప్రయాణాలు, పది రాత్రులు: సొంతంగా తిరిగేవాళ్లకు మేం చెప్పే లెక్క ఇది.

క్రూయిజా, లాంచీయా?

ముందు ఇది తేల్చుకోవాలి. జనం స్థిరంగా ఉండే దీవులు నాలుగే: శాంటా క్రూజ్, శాన్ క్రిస్టోబల్, ఇసబెలా, ఫ్లోరియానా. వీటిలో బస చేసి, పగలు చుట్టుపక్కల దీవులకు వెళ్లిరావచ్చు. జనం లేని ఫెర్నాండినా దీవి మాత్రం క్రూయిజ్ ఎక్కినవాళ్లకే. రెక్కలుండీ ఎగరలేని కార్మొరాంట్ పక్షి ప్రపంచం మొత్తంలో ఫెర్నాండినాలోనూ, ఇసబెలా పడమటి, ఉత్తరపు తీరాల్లోనూ తప్ప ఎక్కడా లేదు. దాని కోసమే వెళ్తుంటే క్రూయిజ్ ఖర్చు పెట్టాల్సిందే. తాబేళ్లు, ఉడుముల్లాంటి ఇగువానాలు, సీ లయన్లు, నీలి కాళ్ల బూబీ పక్షులు, పెంగ్విన్లు, సొర చేపలు చాలనుకుంటే ఊళ్లలో బస చేసినా అన్నీ దొరుకుతాయి, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.

ఏ నెలలో వెళ్లాలి

భూమధ్యరేఖ మీద ఉన్నా ఇక్కడి వాతావరణాన్ని నడిపేది సముద్ర ప్రవాహాలే. జూన్ నుంచి నవంబరు దాకా దక్షిణం నుంచి వచ్చే చల్లటి హంబోల్ట్ ప్రవాహం జోరు మీద ఉంటుంది. నీళ్లు 18–22 డిగ్రీలకు దిగుతాయి, కొండల మీద తుంపర పడుతూనే ఉంటుంది. దీన్ని అక్కడ గారువా అంటారు. చల్లటి నీళ్లలో మేత ఎక్కువ కాబట్టి సముద్రపు జీవులన్నీ హుషారుగా కనిపిస్తాయి. అయితే కెరటాలు పెద్దవి. ఆగస్టు, సెప్టెంబరుల్లో లాంచీ ప్రయాణం గట్టి కడుపున్నవాళ్లకే.

డిసెంబరు నుంచి మే దాకా ఎండ, మధ్యలో ఒక్కో భారీ వాన, 24–27 డిగ్రీల నీళ్లు, నెమ్మదైన సముద్రం. ఈత అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు మార్చి, ఏప్రిల్, మే నెలలు హాయి. వేవ్డ్ ఆల్బట్రాస్‌ను చూడాలంటే ఏప్రిల్–డిసెంబరు మధ్య వెళ్లాలి. ఎస్పన్యోలా దీవిలో గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి వెళ్లిపోయే పక్షి అది. మిగతా నెలల్లో అక్కడ ఒక్కటీ ఉండదు.

ఇంటి దగ్గర తెమల్చుకోవాల్సినవి

2019 నుంచి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈక్వడార్ వీసా అవసరం. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికే అమెరికా వీసా ఉండాలి. యూరప్ మీదుగా వెళ్తే ఏ దేశంలో దిగుతున్నారో ఆ దేశపు ట్రాన్సిట్ నిబంధనలు టికెట్ కొనకముందే చూసుకోండి. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు తమ వీసాతో ఏమైనా సడలింపు వర్తిస్తుందేమో ఈక్వడార్ కాన్సులేట్‌లో అడగాలి.

మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. గాలాపగోస్‌లో ఆ జబ్బు బెడద లేదు. కానీ ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో మన ప్రభుత్వం ఈక్వడార్‌ను కూడా పెట్టింది. అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు టీకా సర్టిఫికెట్ చూపించలేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఈ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసు అలాంటివి. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. కనీసం నెల ముందే ఈ పని ముగించండి.

ఖండం మీది విమానాశ్రయంలో

గాలాపగోస్‌కు విమానాలు కీటో, గ్వయకిల్ నగరాల నుంచే ఉంటాయి. కీటో 2,850 మీటర్ల ఎత్తున ఉంది, దిగిన రోజు తలనొప్పి, ఆయాసం మామూలే. గ్వయకిల్ సముద్ర మట్టంలోనే ఉంది, అక్కడి నుంచి విమానం సుమారు రెండు గంటలు. ఎంచుకునే వీలుంటే గ్వయకిల్‌లో రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరండి. విమానానికి రెండున్నర గంటల ముందే చేరి, పనులు ఈ వరుసలో చేసుకోవాలి:

1. ట్రాన్సిట్ కంట్రోల్ కార్డు, అంటే దీవుల్లోకి వెళ్లడానికి అనుమతి కార్డు. వివరాలు ముందే ఆన్‌లైన్‌లో నింపి, విమానాశ్రయంలో 20 డాలర్లు కట్టి తీసుకోవాలి. తిరుగు టికెట్, బస బుకింగ్ కాగితాలు చేతిలో పెట్టుకోండి. పర్యాటకులు 60 రోజులకు మించి ఉండటానికి లేదు.
2. జీవభద్రతా తనిఖీ. పెట్టెలన్నీ ఎక్స్‌రే చేసి సీలు వేస్తారు. దీవిలో దిగేదాకా ఆ సీలు తెంచకూడదు. మందులు, ఛార్జరు ముందే చేతి సంచిలోకి తీసుకోండి.
3. ఆ తర్వాతే ఎయిర్‌లైన్ చెకిన్. సీలు లేని పెట్టెను కౌంటరులో తీసుకోరు. నేరుగా చెకిన్ వరుసలో నిలబడి, మళ్లీ వెనక్కి పరుగెత్తేవాళ్లు రోజూ కనిపిస్తారు.

దీవిలో దిగగానే నేషనల్ పార్కు రుసుము కట్టాలి. 2024 ఆగస్టు నుంచి విదేశీ పెద్దలకు 200 డాలర్లు, 12 ఏళ్లలోపు పిల్లలకు 100. నోట్లే ఇవ్వాలి, కార్డు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఈక్వడార్ కరెన్సీ అమెరికన్ డాలరే. పార్కు రుసుముకు తప్ప వంద నోటు ఎక్కడా చెల్లదనుకోండి. ఐదు, పది, ఇరవై నోట్లు, చిల్లర నాణేలు దండిగా ఉంచుకోండి. చిరిగిన నోటు, గీతలున్న నోటు వెనక్కి వస్తుంది. ఇసబెలాకు వెళ్లేముందే అక్కడి ఖర్చు మొత్తం శాంటా క్రూజ్ ఏటీఎంలో తీసేసుకోవాలి.

సంచిలో ఏం ఉండకూడదు

పండ్లు, పచ్చి ఆకులు, విత్తనాలు, మట్టి అంటిన బూట్లు: ఇవేవీ దీవుల్లోకి రానివ్వరు. కాబట్టి కరివేపాకు రెబ్బ, గింజలున్న చింతపండు, మెంతులు, నువ్వులు, మొలకల కోసం తీసుకెళ్లే పెసలు ఇంట్లోనే వదిలేయండి. ఫ్యాక్టరీ సీలున్న పొడులు, తినడానికి సిద్ధంగా ఉన్న ప్యాకెట్లను ఫారంలో రాసి చూపించాలి. ఇంటి ఆవకాయ సీసా తీసుకెళ్తే నిర్ణయం ఆ ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంటుంది. దాన్ని ఖండం మీదే ఖాళీ చేయడం మేలు.

ఒక్క గింజతో ఏమవుతుందని అనిపిస్తే, అక్కడి జామచెట్టును చూడండి. మన పెరట్లో ఎంతో ప్రియంగా పెంచుకునే జామే ఇసబెలా, శాన్ క్రిస్టోబల్ కొండల మీద అడవులు కమ్మేసిన కలుపు మొక్క. జామపండ్లను తాబేళ్లు తిని, మైళ్ల దూరం నడిచి, పేడలో గింజలు వేసి వస్తాయి. ఫిలోర్నిస్ అనే ఈగ కూడా బయటి నుంచి వచ్చిందే. దాని పురుగులు గూటిలోని ఫించ్ పిట్ట పిల్లల నెత్తురు పీల్చి చంపుతాయి. ఒక దీవిలో ఉన్న తెగులు పక్క దీవిలో ఉండకపోవచ్చు. అందుకే దేశం దాటేటప్పుడే కాదు, లాంచీ ఎక్కే ప్రతిసారీ రేవులో సంచులు విప్పి చూస్తారు. మీ వంతుగా ఒక పాత టూత్ బ్రష్ పెట్టుకుని, దీవి మారే ముందు రాత్రి బూటు అడుగు గాళ్లలోని మట్టి, గింజలు గీకి కడగండి. వెల్‌క్రో పట్టీలు, సాక్సులు, ప్యాంటు మడతలు కూడా చూడండి, గడ్డి గింజలు దాక్కునేది అక్కడే.

దారి, రోజుల లెక్క

శాంటా క్రూజ్ పక్కనే విమానాశ్రయం ఉన్న చిన్న దీవి బాల్ట్రాలో దిగి, శాన్ క్రిస్టోబల్ నుంచి విమానం ఎక్కేలా టికెట్ తీసుకోండి. దీనివల్ల ఒక లాంచీ ప్రయాణం తగ్గుతుంది. ఇసబెలా, శాన్ క్రిస్టోబల్ మధ్య నేరుగా లాంచీ ఉండదు, శాంటా క్రూజ్ మీదుగానే వెళ్లాలి.

మొదటి మూడు రాత్రులు శాంటా క్రూజ్‌లోని ప్యుర్తో అయోరాలో. బాల్ట్రా విమానాశ్రయం నుంచి బస్సులో ఇటబాకా కాలువ దాకా వెళ్లి, డాలరు ఇచ్చి పడవలో దాటి, అవతల బస్సో టాక్సీయో పట్టుకోవాలి. ఊరు సుమారు 40 కిలోమీటర్లు. ముగ్గురు, నలుగురు ఉంటే పికప్ టాక్సీ మాట్లాడుకోండి. ఆ రోడ్డు కొండల మీదుగానే పోతుంది కాబట్టి, దారిలో ఎల్ చాటో తాబేళ్ల తోట దగ్గర గంటన్నర ఆగమని ముందే బేరం చేసుకోవచ్చు. మళ్లీ ఊరి నుంచి ప్రత్యేకంగా పైకి వెళ్లే ఖర్చు మిగులుతుంది.

రెండో రోజు టోర్టుగా బే. గేటు దగ్గర పేరు రాసి, రెండున్నర కిలోమీటర్ల రాతి బాటలో నడవాలి. మొదట వచ్చే తెల్లటి ఇసుక తీరం ప్లాయా బ్రావా. నీళ్లు ఎంత అందంగా కనిపించినా దిగవద్దు, లోపలికి లాగే ప్రవాహం ఉంది. దాన్ని దాటి ఇంకాస్త నడిస్తే మడ చెట్ల మధ్య ప్లాయా మాన్సా, అక్కడ నీళ్లు చెరువులా ఉంటాయి. నీళ్లు, తిండి మీరే తీసుకెళ్లాలి. మధ్యాహ్నం డార్విన్ పరిశోధన కేంద్రం. 2012లో తన జాతిలో చివరివాడిగా చనిపోయిన ‘లోన్‌సమ్ జార్జ్’ తాబేలును అక్కడే భద్రపరిచారు.

మూడో రోజు నార్త్ సేమూర్ దీవికి పగటి టూరు. ఇలాంటి టూర్లకు మనిషికి 200 డాలర్ల దరిదాపుల్లో అవుతుంది. అనుమతి ఉన్న గైడు తప్పనిసరి. గైడుకు పదహారు మందికి మించకూడదు. డబ్బు ఒక్క టూరుకే సరిపోతుందంటే మేం దీన్నే ఎంచుకోమంటాం. బూబీలు, ఎర్రటి సంచి ఊదే ఫ్రిగేట్ పక్షులు, నేల ఇగువానాలు మూడూ రెండు గంటల నడకలో కనిపిస్తాయి.

నాలుగో రోజు పొద్దున చేపల మార్కెట్ చూసి, మధ్యాహ్నం లాంచీకి ఇసబెలా వెళ్లండి. అక్కడ నాలుగు రాత్రులు. ఎనిమిదో రోజు ఉదయం ఆరు గంటల లాంచీకి శాంటా క్రూజ్ తిరిగొచ్చి, టికెట్ కొన్న దుకాణంలో పెట్టె పెట్టి, లాస్ గ్రియెతాస్ అనే రాతి చీలికల మధ్య నీళ్లలో ఈదుకుని, మూడు గంటల లాంచీకి శాన్ క్రిస్టోబల్ చేరాలి. అక్కడ మూడు రాత్రులు. ఎనిమిదో రోజు కష్టమైనదే. కావాలంటే ఆ రాత్రి శాంటా క్రూజ్‌లో ఆగి ఒక రోజు పెంచుకోండి.

లాంచీ ఎక్కడం

లాంచీ అనగానే గోదావరి మీద పాపికొండలకు పోయే పడవ గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు. వెనక మూడు ఔట్‌బోర్డ్ ఇంజన్లు, లోపల పాతిక ముప్పై మంది ఒకరినొకరు ఆనుకుని కూర్చోవడం, రెండు నుంచి రెండున్నర గంటలు నడి సముద్రంలో ఎగిరెగిరి పడుతూ పోవడం. టికెట్ సుమారు 30–35 డాలర్లు. శాంటా క్రూజ్ నుంచి ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, ఇసబెలా నుంచి ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి బయల్దేరడం ఆనవాయితీ. ముందు రోజే టికెట్ కొని, వేళ మరోసారి అడగండి.

బయల్దేరడానికి ముప్పావు గంట ముందు రేవులో ఉండాలి. సంచులు విప్పి చూసి ట్యాగు కడతారు. చేతిలో అరటిపండు ఉంటే అక్కడే తినేయాలి. తర్వాత పేర్లు పిలుస్తారు. చాలా లాంచీలు రేవుకు దూరంగా ఆగుతాయి కాబట్టి చిన్న నీటి టాక్సీలో వెళ్లి ఎక్కాలి, దానికి డాలరు నాణెం జేబులో ఉంచుకోండి. ఇసబెలా రేవులో దిగినప్పుడు విదేశీయులకు పది డాలర్ల రుసుము ఉంటుంది.

సీటు విషయంలో మొహమాటపడొద్దు. ముక్కు భాగం కెరటానికి లేచి, చెక్క మీద కొట్టినట్టు పడుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు అక్కడ కూర్చుంటే వారం బాధపడతారు. వెనక వైపు, మధ్యలో, గాలి తగిలే చోటు అడగండి. వెనక తడుస్తారు, ఇంజను వాసనా ఉంటుంది, అయినా కుదుపు తక్కువ. వాంతుల మాత్ర గంట ముందే పడాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే నిలవదు. ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ కాకుండా రొట్టె ముక్క, నాలుగు బిస్కెట్లతో ఎక్కండి. ఫోను చూడకుండా దిగంతం మీద కళ్లు నిలపండి. పాస్‌పోర్టు, కెమెరా నీళ్లు చొరని సంచిలో మీ ఒళ్లోనే ఉండాలి, పెట్టెలు మాత్రం ఎక్కడ పెడతారో అక్కడే.

ఇసబెలాలో

నాలుగు దీవుల్లో మాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. ప్యుర్తో విల్యమిల్ ఇసుక వీధుల ఊరు. రేవు పక్కనే కోంచా దె పెర్లా అనే చిన్న మడుగు ఉంది, రుసుము లేదు, గైడు అక్కర్లేదు. చెక్క బాట మీద సీ లయన్ అడ్డంగా పడుకుని ఉంటే లేపవద్దు, అది కదిలేదాకా ఆగండి, లేదా రెండు మీటర్ల దూరం కుదిరితేనే పక్కనుంచి పొండి. పొద్దున్నే, పోటు మీద ఉన్నప్పుడు దిగితే సముద్రపు తాబేళ్లు, ఒక్కోసారి పెంగ్విన్ కూడా మీ పక్కనుంచే పోతాయి.

లోస్ తూనెలెస్ టూరు తప్పక చేయాలి. పాత లావా సొరంగాల పైకప్పులు కూలి, మిగిలిన కమానులు నీళ్లమీద వంతెనల్లా నిలబడిన చోటు అది. సముద్రపు గుర్రాలు మడ వేళ్లకు తోక చుట్టుకుని వేలాడతాయి, తెల్లమొన రెక్కల సొర చేపలు రాతి చూరు కింద పడుకుని ఉంటాయి. లోపలికి పోయే దారిలో కెరటాలు విరిగే చోటు దాటాలి. సముద్రం బాగాలేకపోతే ఆ రోజు టూరు రద్దు. అందుకే దీన్ని ఇసబెలాలో చివరి రోజుకు పెట్టుకోకూడదు.

సియెర్రా నెగ్రా అగ్నిపర్వతం 2018లో పేలింది. దాని బిలం అంచు మీదుగా వోల్కాన్ చికో అనే చిన్న అగ్నిబిలాల చోటు దాకా రానుపోను సుమారు 16 కిలోమీటర్లు, ఐదారు గంటల నడక, గైడు తప్పనిసరి. పది కిలోమీటర్ల వెడల్పున్న నల్లటి పళ్లెంలా బిలం కనిపిస్తుంది, పొగమంచు లేకపోతేనే. అంచు దాకా బురద, ఆ తర్వాత గాజు పెంకుల్లా కోసే లావా. చెప్పులతో రావద్దు.

శాన్ క్రిస్టోబల్‌లో

ఊళ్లో బెంచీలు సీ లయన్లవి, మనం నిలబడాలి. ప్లాయా మాన్, లా లోబెరియా తీరాలు, సెర్రో తిహెరెతాస్ కొండ మూడూ నడిచి వెళ్లదగ్గవే. డబ్బు పెట్టాల్సింది కికర్ రాక్ టూరుకు. నీళ్లలోంచి నిటారుగా లేచిన రెండు రాతి గోడల మధ్య సందులో ఈదుతుంటే కిందుగా గాలాపగోస్ సొరలు, అదృష్టముంటే సుత్తి తల సొరలు పోతుంటాయి. సముద్రం అడుగు కనిపించదు, ప్రవాహం ఉంటుంది. అందుకే ఈ దీవిని చివర పెట్టాం. కోంచా దె పెర్లాలో నాలుగు రోజులు అలవాటు పడ్డాక దిగితే గాభరా ఉండదు.

జంతువు దగ్గర ఎలా మెలగాలి

నిబంధన రెండు మీటర్లు. అది మీరు జంతువుకు ఇవ్వాల్సిన దూరం. అది మీ వైపు వస్తే వెనక్కి తగ్గాలి, చేయి చాచకూడదు. ఫ్లాష్, డ్రోన్, మేత పెట్టడం, రాయో గవ్వో జేబులో వేసుకోవడం అన్నీ నిషేధం.

ఇక్కడి జీవులకు మనిషంటే భయం లేదు, కాబట్టి వెంటపడే పనే లేదు. ఒక చోట కూర్చుని ఇరవై నిమిషాలు కదలకుండా ఉండండి. సముద్రపు ఇగువానా నల్లటి లావా మీద నల్లగా అతుక్కుని ఉంటుంది, మన ఉడుమంత. అడుగు వేసే ముందు నేల చూడకపోతే తోక తొక్కేస్తారు. దాని నెత్తి మీద సున్నం రాసినట్టుండే తెలుపు ఉప్పే. పాచి తిన్నప్పుడు లోపలికి పోయిన ఉప్పును ముక్కులోంచి తుమ్మి చిమ్ముతుంది, అది తిరిగి నెత్తి మీదే పడి ఎండుతుంది. ఎండలో ఒకదానిమీద ఒకటి పోగుపడటం చలి కాచుకోవడానికి. మీ నీడ వాటి మీద పడకుండా కూర్చోండి.

తాబేలు బుస్సుమని తల లోపలికి లాగిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టు. తల లాగేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి రావడమే ఆ చప్పుడు. నాలుగడుగులు వెనక్కి వేసి, దాని దారికి ఎదురు కాకుండా పక్కగా కూర్చుంటే కాసేపటికి మళ్లీ మేయడం మొదలుపెడుతుంది. గడ్డిని తెంపే పటపట శబ్దం కూడా వినిపిస్తుంది.

నీలి కాళ్ల బూబీ గూడు కట్టదు. నేల మీద గుడ్డు పెట్టి చుట్టూ రెట్టతో తెల్లటి వలయం గీస్తుంది. ఒక్కోసారి అది కాలిబాట మీదే ఉంటుంది. వలయం కనిపిస్తే గైడు చూపిన వైపు చుట్టి పోవాలి.

ఒంటరిగా ఉన్న సీ లయన్ పిల్ల తప్పిపోయింది కాదు, తల్లి వేటకు వెళ్లింది. మన వాసన అంటితే తల్లి దగ్గరికి రానివ్వదేమోనన్న భయంతోనే ముట్టుకోవద్దంటారు. తీరం వెంట అరుస్తూ ఈదే పెద్ద మగది వస్తే మాత్రం నీళ్లలోంచి బయటికి వచ్చేయండి, అది కరుస్తుంది.

నీళ్లలోకి దిగేముందు

అద్దె మాస్కును పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేయి వదిలినా నిలబడితే అది మీ కొలతే. మీసం ఉన్నవాళ్లకు నీళ్లు కారతాయి, పెదవి పైన కాస్త వాజెలిన్ రాస్తే ఆగుతుంది. జూన్–నవంబరులో పొడవాటి వెట్‌సూట్ లేకుండా అరగంట కూడా ఉండలేరు. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ అడగండి, ఇస్తారు. అయినా బయల్దేరడానికి రెండు నెలల ముందు ఊళ్లో ఈత కొలనుకు వెళ్లి ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి తీయడం అలవాటు చేసుకుంటే మీ ప్రయాణం విలువ రెట్టింపవుతుంది. ఇసుకలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఈడ్చండి. అడుగున పడుకున్న టేకు చేపలు ఆ కదలికకు తప్పుకుంటాయి.

తిండి, నీళ్లు, చివరి రోజు

మధ్యాహ్నం ‘మెనూ దెల్ దియా’ అడిగితే సూపు, అన్నం, కూర, పండ్ల రసం చవగ్గా వస్తాయి. శాకాహారులు ‘సిన్ కార్నె, సిన్ పొయ్యో, సిన్ పెస్కాదో’ అని మూడూ చెప్పాలి, మాంసం వద్దంటే కోడి తెస్తారు. అన్నం, మెనెస్త్రా అనే పప్పు, వేయించిన పచ్చి అరటి పతకోనెస్ ఎక్కడైనా దొరుకుతాయి. కుళాయి నీళ్లు తాగవద్దు. బస చేసిన చోట పెద్ద క్యానులోంచి మీ సీసా నింపుకోండి.

దీవుల గడియారం ఖండం కంటే గంట వెనక. తిరుగు విమానం దిగే వేళ, దాని తర్వాతి విమానం వేళ చూసేటప్పుడు ఈ గంట మరిచిపోవద్దు. శాన్ క్రిస్టోబల్ విమానాశ్రయం ఊరిని ఆనుకునే ఉంటుంది, నడిచే వెళ్లొచ్చు. పెట్టెలో గవ్వ, పగడం, లావా ముక్క ఉంటే అక్కడి తనిఖీలో పట్టుకుంటారు, కాబట్టి పిల్లల జేబులు కూడా ఒకసారి చూడండి. ట్రాన్సిట్ కార్డు చేతిలో ఉంచుకోండి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అయిన పసుపు పుస్తకం మాత్రం పెద్ద పెట్టెలో వేయవద్దు. శంషాబాద్‌లో దిగాక అడిగేది దాన్నే, అప్పటికి పెట్టె బెల్టు మీదికి కూడా వచ్చి ఉండదు.